ఎనిమిది నిమిషాల పందెం

సంక్రాంతికి రెండు రోజుల ముందు సూర్యాపేట హైవే పక్కన ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే ముచ్చట.

“హయత్‌నగర్‌లో ఎప్పుడు కదిలారు బావా?”

“ఆరింటికి. గంటా పదిలో ఇక్కడున్నాం.”

“అంతేనా! పోయినేడు మావాడు గంటలో తెచ్చేశాడు.”

జెండా ఊపేవాడు లేడు, బహుమతి లేదు. అయినా అది పందెమే. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటే గడియారంతో ఆడే పందెం.

ఇలాంటి పందేనికి అమెరికాలో ఒక పేరే ఉంది, కానన్‌బాల్. 1971లో బ్రాక్ యేట్స్ అనే పత్రికా రచయిత న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియా తీరం దాకా ఎవరు ముందు చేరతారో చూద్దామని దాన్ని మొదలుపెట్టాడు. ఆ ఏడాది నవంబరులో లెమాన్స్ విజేత డాన్ గర్నీతో కలిసి ఫెరారీలో 35 గంటల 54 నిమిషాల్లో చేరాడు. ఇక్కడ ఒక్క లెక్క గమనించండి. అంతటి డ్రైవరు, అంతటి కారు, దేశం ఆ చివర నుంచి ఈ చివర దాకా వెళ్తే వచ్చిన సగటు గంటకు 130 కిలోమీటర్ల లోపే. మన హైవే మీద కుటుంబంతో వెళ్తూ 140 తొక్కేవాళ్లు ఆ రేసర్‌కూ దక్కని సగటు కోసం పాకులాడుతున్నారు.

మన చట్టంలోనూ దీనికి చోటుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ రోడ్డు మీద బండ్లు పందెం వేసుకోవడమే కాదు, వేగాన్ని పరీక్షించుకోవడం కూడా నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒంటరిగా వేగం మీరిన వాడికి 183వ సెక్షన్ వేరే ఉంది.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. పెద్దవాళ్ల నోట ఇంకా ‘నైన్ నంబర్ హైవే’యే. సూర్యాపేట దానికి సరిగ్గా నడుమ ఉంటుంది, కోదాడ తెలంగాణ గుమ్మం. మిర్యాలగూడది ఇంకో దారి: నార్కట్‌పల్లి దగ్గర చీలి నల్లగొండ మీదుగా అద్దంకి వైపు పోయే రోడ్డు. సూర్యాపేట పక్కనే ఉన్న దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర వచ్చినప్పుడు విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. అప్పుడు మిర్యాలగూడ, కోదాడ ఒకే దారిలో కలుస్తాయి.

ఈ రోడ్ల మీద కార్లు మాత్రమే తిరగవు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్ల ట్రాక్టర్లు వస్తాయి. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, డీజిల్ దండగని రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాలీలుంటాయి. 2014 డిసెంబర్ 6న మునగాల మండలం ఆకుపాముల దగ్గర సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ ప్రాణం తీసిన ప్రమాదంలో ఆయన కారు ఢీకొన్నది రాంగ్ రూట్‌లో వచ్చిన ట్రాక్టర్‌నే. నాలుగేళ్లు తిరక్కుండానే, 2018 ఆగస్టు 29న, ఆయన తండ్రి హరికృష్ణ అద్దంకి రోడ్డు మీద అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదంలో పోయారు. ఆ రెండు చోట్లా కారు దాటుతుంటే నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సూర్యాపేట నుంచి కోదాడకు సుమారు 45 కిలోమీటర్లు. 100లో వెళ్తే 27 నిమిషాలు. 140లో వెళ్తే 19 నిమిషాల చిల్లర. మిగిలేది ఎనిమిది నిమిషాలు కూడా కాదు. పండగ రోజుల్లో కోదాడ దాటాక వచ్చే చిల్లకల్లు టోల్ గేటు వరస ఒక్కటి చాలు, వాటిని మింగేయడానికి.

పోయేదేమిటి? ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని గుర్తించి కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. 100 వేగంలో ఆ కాస్త సమయంలోనే కారు 42 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే ఆగడానికి ఇంకో 55. మొత్తం 97 మీటర్లు. అదే 140లో అయితే బ్రేక్ పడేలోపే 58 మీటర్లు, ఆ తర్వాత 108, మొత్తం 166. బ్రేకులు కరిగించాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగం ఒకటికి 1.4 రెట్లయితే శక్తి దాదాపు రెట్టింపవుతుంది.

ఇంకో రకంగా చెప్తాను, ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. రెండు కార్లు పక్కపక్కన వస్తున్నాయి, ఒకటి 100లో, ఒకటి 140లో. ఇద్దరూ ఒకే క్షణంలో ట్రాక్టర్‌ను చూశారు, బ్రేకులూ ఒక్కలాంటివే. 100 కారు ట్రాక్టర్‌కు జానెడు దూరంలో ఆగింది. అదే చోటికి వచ్చేసరికి రెండో కారు ఇంకా 112 వేగంలో ఉంటుంది.

ఈ తేడా డ్రైవర్ ఒంటికి తెలియదు. అరగంట 120లో నడిపినవాడు 80కి దిగితే నడిచి వెళ్తున్నట్టే అనిపిస్తుంది. మన మెదడు వేగాన్ని కొలవదు, అలవాటు పడుతుంది. కొలిచే పని బయటివాళ్లు చేయాల్సిందే.

ఒకరోజు సూర్యాపేట దాటాక రోడ్డు పక్కన ట్రైపాడ్ మీద స్పీడ్ గన్ పెట్టుకున్న ఎస్సై దగ్గర అనుమతి అడిగి కాసేపు నిలబడ్డాను. గన్‌లోంచి కంటికి కనిపించని పరారుణ లేజర్ చిన్న చిన్న తునకలుగా పోతుంది. 300 మీటర్ల అవతల కారు నంబర్ ప్లేటుకు తగిలి వెనక్కి రావడానికి 2,000 నానోసెకన్లు. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. కారు 126 వేగంలో వస్తోందనుకోండి. సెకనులో పదో వంతు గడిచేసరికి మూడున్నర మీటర్లు దగ్గరవుతుంది, కాబట్టి అప్పుడు పోయే తునక 23 నానోసెకన్లు ముందే తిరిగొస్తుంది. ఇలా వరసగా ఎన్నో తునకల లెక్క తీసి, అవన్నీ ఒకదానితో ఒకటి పొసిగితేనే తెర మీద అంకె వేస్తుంది. పొసగకపోతే తప్పు చూపించి వదిలేస్తుంది.

“పక్క బండిది మనకు పడొచ్చు కదా?” అని అడిగాను.

“అట్ల కాదు సార్. ఆడికి పోయేసరికి ఈ లైట్ మీటరంత వెడల్పే ఉంటది. ఏ బండి మీద పెడితే దాందే వస్తది.”

గన్ పక్కకు నిలబడి చూస్తుంది గనక కోణం వల్ల వేగం కాస్త తక్కువే పడుతుంది, ఎక్కువ పడదు. కారులోని మీటరేమో అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదని నియమం, కాస్త ఎక్కువే చూపుతుంది. రెండు తేడాలూ డ్రైవర్ పక్షమే. అయినా ఫోన్‌కు 1,035 రూపాయల చలాన్ వచ్చిందంటే అనుమానానికి పెద్దగా చోటు లేదు.

నేనున్నంతసేపూ ఒకటే దృశ్యం. దూరం నుంచి దూసుకొచ్చిన కారు పోలీసులను చూసి ముక్కు నేలకు ఆనించేంతగా బ్రేక్ వేస్తుంది. “బ్రేక్ లైట్ పడ్డదంటే మమ్మల్ని చూసిండని. ఫొటో అంతకుముందే అయిపోయింటది” అన్నాడు ఎస్సై. దాటగానే మళ్లీ తొక్కుతారు. ఎదురు వచ్చేవాళ్లకు లైట్లు కొట్టి చెప్పేవాళ్లు సరేసరి. గన్ ఒక చోటే వేగాన్ని పట్టగలదు.

దీనికి విరుగుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో చదువుకున్న లెక్కల వన్-బి పుస్తకంలోనే ఉంది, లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం. 60 కిలోమీటర్ల దూరాన్ని అరగంటలో దాటావంటే, నడుమ కనీసం ఒక్క క్షణమైనా నీ వేగం కచ్చితంగా 120 అయ్యుండాలి. ఎక్కడన్నది చూడక్కర్లేదు. రెండు చోట్ల కెమెరా పెట్టి నంబర్ ప్లేటూ సమయమూ రాసుకుంటే చాలు. బ్రిటన్ 1999లో, ఇటలీ 2005లో ఈ పద్ధతి మొదలుపెట్టాయి. మన కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల మధ్య ఇలాంటి కెమెరాల జంటలు రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ని. గన్ చూసి ఆడే దొంగాట దీని ముందు సాగదు.

చీకటి పడుతుంటే ఎస్సై ట్రైపాడ్ మడిచేశాడు. అప్పుడే వడ్ల ట్రాలీ ఒకటి వచ్చింది, వెనక ఒక్క లైటూ లేదు. చలాన్ రాస్తారనుకున్నాను. కానిస్టేబుల్ జీపులోంచి ఎర్ర రేడియం స్టిక్కర్ చుట్ట తీసి ట్రాలీ వెనక తలుపుకు ఈ చివర నుంచి ఆ చివరకు అంటించాడు. అందులో రేడియం ఏమీ ఉండదు, వచ్చిన వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పిపంపే సన్నటి గాజు పూసలుంటాయి. లేజర్ వెతుక్కునే నంబర్ ప్లేటులో ఉన్నదీ ఆ గుణమే.

“పైలం తాతా, పక్కకే పో” అన్నాడు కానిస్టేబుల్. ట్రాలీ కదిలింది. వెనకొచ్చిన లారీ లైట్లు పడగానే ఆ ఎర్రగీత భగ్గున వెలిగింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. 200 మీటర్ల దూరం దాటాక కూడా కనిపిస్తూనే ఉంది.