యంత్రాలు మాట్లాడుకునేదెప్పుడు?

రోగి మంచం పక్కనున్న మానిటర్‌కు అన్నీ తెలుసు. ఆస్పత్రి కంప్యూటర్‌కు మాత్రం నర్సు చెబితే తప్ప ఏదీ తెలియదు. ఈ రెండింటినీ కలిపే పని నత్తనడకన సాగుతోంది.

సమయం తెల్లవారుజామున 2 గంటలు. ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో నర్సు ఒక్కో మంచం దగ్గరా ఆగి, మానిటర్ మీద మెరిసే అంకెలను పెద్ద చార్టులోకి ఎక్కిస్తుంది. నాడి, రక్తపోటు, ఆక్సిజన్ శాతం, శ్వాస వేగం. మళ్లీ రాసేది 3 గంటలకే. ఈలోగా రక్తపోటు మెల్లగా జారుతూ పోయినా, అలారం హద్దు దాటనంత వరకు ఆ సంగతి ఏ కాగితానికీ ఎక్కదు. యంత్రం మాత్రం క్షణక్షణం చూస్తూనే ఉంటుంది. చూసినదాన్ని చెప్పుకోవడానికి దానికి దారి లేదు.

దేశంలోని చాలా ఆస్పత్రుల్లో కనిపించే దృశ్యమిది. విచిత్రమేమిటంటే, ఇలాంటి ఆస్పత్రుల్లో కంప్యూటర్లకు కొదవ ఉండదు. బిల్లు, మందుల నిల్వ, ఖాళీ మంచాల లెక్క అన్నీ తెరమీదే. సాధారణంగా కంప్యూటర్ మొదట అడుగుపెట్టేది క్యాష్ కౌంటర్‌లోకి, ఆ తర్వాత ల్యాబ్‌లోకి. రోగి మంచం దాకా చేరేసరికి దాని ఓపిక, యాజమాన్యం బడ్జెట్ రెండూ అయిపోతాయి.

అసలు చిక్కు భాష దగ్గరే. మానిటర్ ఒక కంపెనీది, వెంటిలేటర్ మరో కంపెనీది, మందును చుక్కచుక్కగా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు ఇంకొకరిది. దేని గోల దానిది. పాత పరికరాల వెనక సీరియల్ పోర్టు ఉంటుంది కానీ, దాన్నుంచి వచ్చే సమాచారాన్ని ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా మార్చడానికి మధ్యలో గేట్‌వే అనే దుబాసీ కావాలి. కంపెనీలు దీనికి వేరే లైసెన్సు, వేరే రుసుము అడగడం మామూలే. టెండరులో ఆ ఊసే లేకపోతే, పరికరం బిగించాక బేరమాడే బలం ఆస్పత్రికి ఉండదు.

ఉమ్మడి భాషలు లేక కాదు. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచార మార్పిడి కోసం 1987లోనే అమెరికాలో హెచ్‌ఎల్7 సంస్థ ఏర్పడింది. ఎక్స్‌రే, స్కాన్ చిత్రాల కోసం 1985లో మొదలైన ప్రమాణం 1993లో డైకామ్ పేరుతో స్థిరపడింది. ఒక కంపెనీ సీటీ యంత్రం తీసిన చిత్రం మరో కంపెనీ తెర మీద కనిపిస్తున్నదంటే ఆ పుణ్యం డైకామ్‌దే. మంచం పక్క పరికరాలకు ఐఈఈఈ 11073 అనే ప్రమాణాల వరుస ఉంది. 2014లో ముసాయిదాగా వచ్చిన ‘ఫైర్’ ఇంటర్నెట్ తరహాలో సమాచారాన్ని పంచుకునే వీలు కల్పించింది. ప్రమాణాలున్నా వాటిని పాటించి తీరాలని కొనుగోలుదారు పట్టుబట్టకపోవడమే లోపం.

పట్టుబడితే ఏమవుతుందో ల్యాబ్‌లు ఇప్పటికే చూపించాయి. రక్తపు గొట్టం మీది బార్‌కోడ్‌ను ఎనలైజర్ చదువుతుంది, ఏ పరీక్షలు చేయాలో కంప్యూటర్‌ను అడుగుతుంది, ఫలితాన్ని తనే పంపుతుంది. మధ్యలో చేతిరాత లేదు. 3.6 ఉన్న పొటాషియం హడావుడిలో 6.3గా నమోదైతే, నిక్షేపంగా ఉన్న మనిషికి గుండె ప్రమాదానికి చేసే చికిత్స మొదలయ్యే ముప్పుంది. అంకెలు తారుమారయ్యే ఆ అవకాశాన్ని బార్‌కోడ్ బాగా తగ్గించింది.

అలాగని తీగ కలపగానే పని అయిపోదు. సమాచారం ఎవరిదన్నది తొలి ప్రశ్న. మానిటర్‌ను మంచం నంబరుతో ముడిపెట్టారనుకుందాం. ఆ రోగిని స్కాన్‌కు పంపి అదే మంచం మీదికి మరొకరిని చేరిస్తే, కొత్త రోగి అంకెలు పాత రోగి ఖాతాలో పడతాయి. అందుకే చేతి పట్టీ మీది బార్‌కోడ్‌తో పరికరాన్ని జత చేయాలి, రోగి కదిలితే విడదీయాలి. రెండోది గడియారం. వెంటిలేటర్ టైము 10 నిమిషాలు వెనకబడి ఉంటే ఏది ముందు జరిగిందో డాక్టరుకు అంతుపట్టదు. వేలికి పెట్టిన క్లిప్పు జారిపోతే ఆక్సిజన్ పడిపోయినట్టు చూపే తప్పుడు అంకె మూడో బెడద. కాబట్టి అంకెలు రికార్డులో శాశ్వతంగా చేరేముందు నర్సు ఆమోదం తప్పనిసరి.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్రం 2013లో ప్రకటించి 2016లో సవరించింది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ విస్తరించింది. 14 అంకెల ఆభా సంఖ్య, ‘ఫైర్’ ప్రమాణం దానికి పునాదులు. అయితే దాని చూపు ప్రధానంగా ప్రిస్క్రిప్షన్, పరీక్షా ఫలితం, డిశ్చార్జి సమ్మరీ వంటి పత్రాల మీద ఉంది. పత్రం పుట్టకముందు మంచం దగ్గర ఏం జరిగిందన్నది ఆస్పత్రి సొంత బాధ్యతే. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, చికిత్సకు అనుమతి కోసం రిపోర్టులను ఆన్‌లైన్‌లో పంపడం ఆస్పత్రులకు అలవాటు చేసింది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో పరికరాల తయారీ సాగుతోంది. స్వదేశీ యంత్రాలు పుట్టుకతోనే ఉమ్మడి భాష నేర్చుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

భద్రత మరో మెలిక. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే రోజుల తరబడి కాగితం, కలమే దిక్కయ్యాయి. 2017 మేలో వాన్నాక్రై దెబ్బకు బ్రిటన్ ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ స్కానర్లు సైతం మొరాయించాయి. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పరికరాన్ని బిల్లింగ్ కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లోనే కలపడమంటే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. పరికరాలకు విడి నెట్‌వర్క్ ఉండాలి, అది కూలినా మానిటర్ తన పని తాను చేసుకుపోవాలి.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావు, ఒక వార్డుతో మొదలుపెట్టవచ్చు. టెండరులో ప్రమాణాల షరతు రాయడం, బయోమెడికల్ ఇంజినీరును, ఐటీ విభాగాన్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం, వాడబోయే నర్సు మాట ముందుగా వినడం, వీటిలో ఏదీ కోట్లతో కూడిన పని కాదు. నాడి, శ్వాస, రక్తపోటు వంటి అంకెలకు మార్కులు వేసి ప్రమాదాన్ని ముందే పసిగట్టే పద్ధతిని బ్రిటన్ 2012లో ప్రామాణికం చేసింది. సమాచారం దానంతటదే చేరితే ఆ లెక్క కంప్యూటర్ చేసిపెడుతుంది. అప్పుడు 2 గంటలకు, 3 గంటలకు మధ్య జారిపోయే రక్తపోటు ఎవరో ఒకరి కంటపడుతుంది. చార్టు రాసే పని తప్పిన నర్సు ఆ వేళ రోగి దగ్గరే ఉండొచ్చు.