పంట కాపలా తుపాకీకి కాగితం ఉందా?

మీ అటక మీద తాతల నాటి తుపాకీ ఉందా? అడవిపందుల బాధ పడలేక ఎవరి దగ్గరన్నా నాటు తుపాకీ కొన్నారా? అయితే రైతు సోదరులారా, ఈ నాలుగు మాటలూ ఓపికగా చదవండి. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఇంటి పెద్ద జైలుకు పోతే సేద్యమే ఆగిపోతుంది.

ఏం మారింది?

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. 2019 డిసెంబరులో పార్లమెంటు దీన్ని సవరించింది. ఆ నెల 14 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. లైసెన్సు లేని తుపాకీ దొరికితే అంతకుముందు ఏడాది నుంచి 3 ఏళ్ల జైలు ఉండేది. ఇప్పుడు 2 నుంచి 5 ఏళ్లు, పైగా జరిమానా. ఒక్కొక్కరికి 3 తుపాకుల దాకా ఉన్న పరిమితి 2కు తగ్గింది. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు గడువు మాత్రం 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో, జాతరల్లో సరదాకి తుపాకీ పేల్చి జనం ప్రాణం మీదకు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

పంట కోసం లైసెన్సు ఇస్తారా?

ఇస్తారు. గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీకి పంట రక్షణ కోసం లైసెన్సు ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. అది చాలదని అధికారి నమ్మితే వేరే రకానికీ అనుమతించొచ్చు. దరఖాస్తు కలెక్టరుకు, పోలీసు కమిషనరేటు ఉన్నచోట కమిషనరుకు పెట్టుకోవాలి.

ఒక్క సంగతి మరవకండి. తుపాకీ లైసెన్సు జంతువును చంపటానికి అనుమతి కాదు. అడవిపందిని కొట్టాలన్నా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారుల ఉత్తర్వు కావాలి. నెమలి చేను తింటోందని కాల్చటం అసలే కుదరదు.

కొడవలి, గొడ్డలి మాటేమిటి?

కేవలం సేద్యానికి, ఇంటి పనికి తయారైన పనిముట్లు ఆయుధాల చట్టం కిందకు రావు. కొడవలి పట్టుకుని చేనుకు పోతే ఎవరూ అడ్డగించరు. గట్టు తగాదాలో అదే కొడవలి ఎత్తి కొడితే కథ వేరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ ప్రకారం, ప్రమాదకర ఆయుధంతో గాయపరిస్తే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గాయం తీవ్రమైతే ఏడాదికి తగ్గని జైలు తప్పదు, యావజ్జీవం దాకా పోవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ కనీస శిక్ష లేదు.

మీరు చేయాల్సింది

లైసెన్సు పుస్తకం తీసి గడువు తేదీ చూసుకోండి. ముగియకముందే రెన్యువల్‌కు పెట్టండి. గడువు దాటిపోయిందా? ఆలస్యం చేయకుండా తుపాకీని దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. లైసెన్సుదారు చనిపోతే వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. తండ్రి కాగితం కొడుక్కి చెల్లదు. అసలు కాగితమే లేని తుపాకీ ఉంటే దాచిపెట్టుకుని కూర్చోకండి, ముందు వకీలుతో మాట్లాడండి. ఎవరో పట్టుకునేదాకా ఆగితే చెప్పుకోవటానికి మాట మిగలదు.