పదానికి ముందు పోలిక: శిశువుల భాషాభ్యాసం, అండమాన్ భాషలు

మాటలు రాని శిశువుకు ఆలోచన ఉంటుందా? బౌద్ధ ప్రమాణశాస్త్రం ఈ ప్రశ్నను పరిశీలించింది. వస్తువుకు నామజాత్యాదులను జోడించడమే కల్పన అని దిఙ్నాగుడు నిర్వచించాడు. ధర్మకీర్తి తన 'న్యాయబిందువు'లో, పదంతో కలియుటకు యోగ్యమైన ప్రతీతి సైతం కల్పనయే అన్నాడు. ఇందులో 'యోగ్య' శబ్దం ఎందుకో వ్యాఖ్యాత ధర్మోత్తరుడు వివరించాడు: పదాలెరుగని పసిబిడ్డ కూడా, మునుపు చూచిన స్తనమే ఇదని పోల్చుకొన్న పిదపనే ఏడుపు మాని నోరు ఆనించును. అనగా స్మృతి, పోలిక భాషకు ముందే ఉన్నవి.

ఆ పోలికను భాషగా మలచేది పరిసరం. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన అధ్యయనంలో, ఆంగ్లం మాట్లాడే ఇళ్లలోని శిశువులు 6–8 నెలల వయస్సులో హిందీలోని త, ట ధ్వనుల భేదాన్ని గుర్తించారు. 10–12 నెలలకు ఆ శక్తి చాలవరకు సన్నగిల్లింది. తెలుగింటి బిడ్డకు ఆ భేదం నిలిచేది అది నిత్యం చెవిన పడుతున్నందువలననే. 2003లో పాట్రీషియా కూల్ బృందం మరొక విషయం చూపింది. 9 నెలల అమెరికన్ శిశువులు ఎదుట కూర్చుని ఆడించిన మనుషుల నుండి మాండరిన్ ధ్వనులను గ్రహించారు; రికార్డుల నుండి గ్రహించలేదు.

అండమాన్ దీవుల అనుభవాన్ని ఈ వెలుగులో చూడాలి. గ్రేట్ అండమానీ వ్యాకరణం శరీరాన్ని ఏడు విభాగాలుగా గ్రహిస్తుందనీ, ఆ విభాగాల గుర్తులు నామాలకే గాక క్రియలకూ చేరుతాయనీ అన్వితా అబ్బి నిరూపించారు. అక-బో, అక-జేరు అనే భాషానామాలలోని 'అక' నోటికి సంబంధించిన ఉపసర్గ. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ శిక్షాస్థావరం ఏర్పడిన తరువాత వ్యాధులతో ఆ తెగలు క్షీణించాయి. మిగిలిన కుటుంబాల పిల్లలకు క్రమంగా హిందీయే ఇంటిభాష అయింది. అక-బో మాట్లాడగల చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించారు. కానీ ఆ భాషకు అసలు విఘాతం అంతకు ఎంతో ముందే, ఉయ్యాలలోని బిడ్డకు అది వినిపించడం మానిన నాడే కలిగింది.

కనుక నిఘంటువులు, ధ్వనిముద్రణలు అవసరమే గాని, చాలవు. త్రిపిటకాన్ని గ్రంథస్థం కాకమునుపు భాణకులు ముఖతః నిలిపినట్లే, ఇంటిభాషను నిలిపేది ఎదుటనున్న మనిషి. నికోబారీ భాషలు నేటికీ ఇళ్లలో పిల్లలకు అందుతున్నవి. అచటి పరిశోధకులు వృద్ధుల కథలతోపాటు, తల్లులు, అవ్వలు పసివారితో పలికే మాటలను కూడా నమోదు చేయడం, ఆ సంభాషణ ఇంటిలో సాగేందుకు తోడ్పడడం ముఖ్యకర్తవ్యం.