మడమ నొప్పి – మంచి చెప్పు

తెల్లవారింది. ఆమె మంచం దిగింది. మొదటి అడుగు వేసింది.

"అమ్మో!"

మంచం కోడు పట్టుకుని ఆగిపోయింది. మడమలో మేకు దిగినట్టు అయింది. గోడ పట్టుకుని, మునివేళ్ల మీద కుంటుతూ పెరట్లోకి పోయింది. పది ఇరవై అడుగులు వేశాక నొప్పి కొంచెం సర్దుకుంది.

ఆమె బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. వయసు 45 ఏళ్లు. రోజూ నాలుగు గంటలు బండల మీద నిలబడాలి. అదీ ఉత్త కాళ్లతో. నాలుగు నెలలుగా ఇదే బాధ. ఎవరికీ చెప్పలేదు. "వయసు మీద పడుతోంది, ఇదంతా మామూలే" అనుకుంది.

ఒకరోజు అన్నం గంజి వారుస్తోంది. మడమలో కలుక్కుమంది. కాలు తడబడింది. వేడి గంజి కాళ్ల పక్కనే పడింది. వెంట్రుక వాసిలో తప్పింది. ఆ రోజు ఆమెకు భయం వేసింది. పని పోతుందేమో అన్న భయం కూడా వేసింది.

ఇది ఆమె ఒక్కదాని బాధ కాదు. నాట్లు వేసేవాళ్లు, మట్టి తట్టలు మోసేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలు - ఎంతోమంది ఆడవాళ్లు ఈ నొప్పితోనే పని చేస్తున్నారు. రెక్కాడితే గాని డొక్కాడదు అంటారు. కాలు నిలబడితేనే కదా రెక్క ఆడేది!

మడమ ఎందుకు నొస్తుంది?

ఆమె నర్సమ్మను అడిగింది. నర్సమ్మ ఇలా చెప్పింది:

"అక్కా, మన పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది మడమ ఎముక. ఆ ఎముక దగ్గర నుంచి వేళ్ల మొదలు దాకా అరికాలి లోపల ఒక గట్టి పట్టీ ఉంటుంది. విల్లుకు తాడు కట్టినట్టు ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ ఆ పట్టీ మీద బరువు పడుతుంది. గట్టి నేల మీద గంటల కొద్దీ నిలబడితే అది అలిసిపోతుంది. మడమ ఎముకకు అతుక్కున్న చోట దెబ్బ తింటుంది. అందుకే నొప్పి."

"మరి పొద్దున్నే ఎందుకంత నొప్పి? రాత్రంతా పడుకునే ఉన్నాను కదా నర్సమ్మా!"

"పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది. పట్టీ బిగుసుకుంటుంది. లేచి అడుగు వెయ్యగానే ఒక్కసారిగా సాగుతుంది. అప్పుడు కలుక్కుమంటుంది."

40 నుంచి 60 ఏళ్ల మధ్య వాళ్లలో ఈ నొప్పి ఎక్కువ. బరువు ఎక్కువ ఉన్నా, పిక్కలు బిగుసుకుపోయినా, అరికాలు మరీ చదునుగా ఉన్నా, మరీ గుంటగా ఉన్నా ఇది వస్తుంది. అరిగిపోయిన చెప్పులు వేసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది.

"మడమలో ముల్లు పెరిగింది" అని కొందరు అంటారు. ఎక్స్‌రే తీస్తే మడమ ఎముక కొన దగ్గర చిన్న మొనలాగా కనబడుతుంది. దాన్ని చూసి భయపడొద్దు. నొప్పి లేని వాళ్లలో కూడా చాలామందికి ఆ మొన ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన కోసి తీయాల్సిన పని లేదు.

కొడుకు పాత చెప్పులు

"ఏదీ, నీ చెప్పులు చూపించు" అంది నర్సమ్మ.

ఆమె సిగ్గుపడుతూ చూపించింది. అవి ఆమె కొడుకు వాడి వదిలేసిన హవాయి చెప్పులు. మడమ దగ్గర అరిగి, కాగితంలా పలచబడ్డాయి. ఆమె పాదానికి రెండు వేళ్లు పెద్దవి. జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టుకుని నడుస్తోంది.

"ఇంట్లో అందరికీ కొత్త చెప్పులు కొంటావు. నీకు మాత్రం ఎవరో వదిలేసినవి. నీ కాళ్ల మీదే కదా అక్కా ఇల్లు నడుస్తోంది!" అంది నర్సమ్మ.

ఆమె ఏమీ మాట్లాడలేదు. ఇంటికి పోయి బాగా ఆలోచించింది.

పాదం కొలత తీయడం

నర్సమ్మ చెప్పినట్టే చేసింది. సాయంత్రం పూట ఒక కాగితం నేల మీద పరిచింది. దాని మీద నిలబడింది. కోడలు పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీసింది. తరువాత రెండో పాదం. మడమ నుంచి పొడుగు వేలి దాకా స్కేలుతో కొలిచారు. రాత్రి బడిలో నేర్చిన అంకెలు పనికొచ్చాయి. తన పుస్తకంలో తనే రాసుకుంది: ఎడమ 23, కుడి 23న్నర సెంటీమీటర్లు.

రెండు పాదాలూ సరిగ్గా ఒకే కొలత ఉండకపోవచ్చు. అప్పుడు పెద్ద పాదానికి సరిపోయే చెప్పు కొనాలి. కొలత సాయంత్రమే తీయాలి. చెప్పులు కూడా సాయంత్రమే కొనాలి. ఎందుకని? రోజంతా తిరిగేసరికి పాదం కొంచెం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన చెప్పు సాయంత్రం బిగుతు కావచ్చు.

చెప్పుల మీద అంకెలు రెండు రకాలుగా ఉంటాయి. కొన్నిటి మీద 4, 5, 6 అని ఉంటుంది. కొన్నిటి మీద 36, 37, 38 అని ఉంటుంది. అవి వేరు వేరు లెక్కలు. ఒకే అంకె ఉన్నా ఒక్కో కంపెనీ చెప్పు ఒక్కోలా ఉంటుంది. అంకె చూసి కొనెయ్యొద్దు. గీత గీసిన కాగితం వెంట తీసుకుపోవాలి. రెండు కాళ్లకూ తొడుక్కుని, లేచి నాలుగు అడుగులు నడిచి చూడాలి.

మంచి చెప్పుకు ఆరు పరీక్షలు

ఆమె కోడల్ని వెంటబెట్టుకుని సంతకు పోయింది. దుకాణంలో చెప్పులు చేతిలోకి తీసుకుని ఇలా చూసింది.

1. వంచి చూడు. చెప్పు ముందు భాగం, మడమ భాగం పట్టుకుని వంచాలి. మన వేళ్లు వంగే చోటే చెప్పు కూడా వంగాలి. మధ్యలో మడతపడితే అది వద్దు.

2. పిండి చూడు. తడిబట్ట పిండినట్టు మెలిపెట్టాలి. బట్టలాగా మెలితిరిగితే అది పాదాన్ని ఆపలేదు. కొంచెం గట్టిగా నిలవాలి.

3. నొక్కి చూడు. అట్ట మందంగా ఉండాలి. మడమ పెట్టే చోట బొటనవేలితో నొక్కాలి. కొద్దిగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. రాయిలా ఉండకూడదు. దూదిలా అణిగిపోకూడదు.

4. మడమ ఎత్తు చూడు. మరీ చదును వద్దు. ఎత్తు మడమలు అసలే వద్దు. ముందు భాగం కన్నా మడమ కొద్దిగా ఎత్తు, అంటే ఒక అంగుళం లోపు, ఉంటే చాలు. అరికాలి గుంట కింద చెప్పు కొంచెం ఉబ్బెత్తుగా ఉండి ఆనుకోవాలి.

5. వెనక చూడు. మడమ వెనక వారు ఉండాలి. అప్పుడు వేళ్లతో బిగించి పట్టుకునే పని ఉండదు. బూట్లయితే మడమ వెనక గోడను నొక్కి చూడాలి. అది మెత్తగా కూలిపోకూడదు.

6. ముందు చూడు. వేళ్లు విప్పారి ఉండే వెడల్పు కావాలి. బూట్లయితే పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి. "వాడగా వాడగా సాగుతుందమ్మా" అని దుకాణం వాళ్లు అంటారు. ఆ మాట నమ్మొద్దు. ఇవాళ కరిచే చెప్పు రేపు పుండు చేస్తుంది.

ధర ఎక్కువైతే మంచి చెప్పు అని కాదు. మెరిసే రాళ్లు, పూసలు ఉంటే మంచి చెప్పు అని కాదు. ఈ ఆరు పరీక్షల్లో నెగ్గితే అదే మంచి చెప్పు.

రోజూ చాలా దూరం నడిచేవాళ్లకు, రాళ్లలో పనిచేసేవాళ్లకు తాళ్లు కట్టుకునే బూట్లు ఇంకా మేలు. పాదాన్ని అన్ని వైపులా పట్టి ఉంచుతాయి. "చీర మీద బూట్లేంటి?" అని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వేవాళ్లు మన నొప్పి పంచుకోరు కదా!

కొత్తవి కొనే డబ్బు చేతిలో లేకపోతే? చెప్పులు కుట్టే అన్న దగ్గరికి పోవాలి. "అన్నా, మడమ కింద మెత్తటి రబ్బరు వెయ్యి. వెనక వారు కుట్టు" అని అడగాలి. అట్ట గట్టిగా ఉన్న చెప్పుకు ఈ పని బాగా పనికొస్తుంది. మడమ పక్కకు అరిగిపోయిన చెప్పును మాత్రం పారెయ్యాల్సిందే.

ఇంట్లో ఉత్త కాళ్లతోనేనా?

మన ఇళ్లలో వంటింట్లోకి చెప్పులు రానివ్వం. కానీ బండలూ, సిమెంటు నేలా మడమకు శత్రువులే. ఇంటి కోసమే ఒక జత చెప్పులు వేరుగా పెట్టుకోవచ్చు. అవి బయటికి వేసుకోకూడదు. అదీ ఇష్టం లేకపోతే, నిలబడి పనిచేసే చోట గోనెసంచి నాలుగు మడతలు వేసి పరుచుకోవచ్చు. జారకుండా చూసుకోవాలి. కూరలు తరగడం లాంటి పనులు కూర్చుని చేసుకోవచ్చు.

చెప్పు ఒక్కటే చాలదు

* మంచం దిగక ముందే కాళ్లు చాపి కూర్చోండి. తువ్వాలు పాదం ముందు భాగానికి వేసి, రెండు కొసలూ మీ వైపు లాగండి. 30 అంకెలు లెక్కపెట్టండి. మూడు సార్లు చెయ్యండి. ఆ తరువాతే నేల మీద కాలు పెట్టండి.
* గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడండి. నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టండి. ఆ మడమ నేలకు ఆనే ఉండాలి. మోకాలు వంచకుండా ముందుకు వాలండి. పిక్క సాగుతుంది. ఇదీ 30 అంకెలు.
* కుర్చీలో కూర్చుని చపాతీ కర్రను అరికాలి కింద పెట్టి ముందుకూ వెనక్కూ దొర్లించండి.
* సాయంత్రం మంచు ముక్కలు గుడ్డలో చుట్టి మడమకు పది నిమిషాలు పెట్టండి.

ఇవి రోజూ చెయ్యాలి. రెండు రోజులు చేసి మానేస్తే లాభం లేదు. ఈ నొప్పి నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగానే పోతుంది. ఎక్కువమందికి ఏడాది లోపల తగ్గిపోతుంది.

షుగరు ఉన్నవాళ్లు జాగ్రత్త!

మడమ నొప్పికి ఇటుక వేడి చేసి, దాని మీద జిల్లేడాకులు పరిచి కాపడం పెట్టడం మన ఊళ్లలో అలవాటు. షుగరు జబ్బు ఉన్నవాళ్లు ఈ పని చెయ్యకూడదు. ఆ జబ్బు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోవచ్చు. వేడి తెలియదు. కాలి బొబ్బ లేస్తుంది. బొబ్బ పుండు అవుతుంది. పుండు ముదిరితే వేలో, కాలో తీసెయ్యాల్సి రావచ్చు. వాళ్లు మంచు కూడా పెట్టుకోకూడదు. ఉత్త కాళ్లతో అసలు నడవకూడదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. కనబడకపోతే అద్దం పెట్టి చూసుకోవాలి, లేదా ఇంట్లో వాళ్లను చూడమనాలి.

కుష్టు వల్ల స్పర్శ పోయినవాళ్లకు ప్రభుత్వం మెత్తటి రబ్బరు చెప్పులు ఉచితంగా ఇస్తుంది. వాటిని ఎం.సి.ఆర్. చెప్పులు అంటారు. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి?

* మడమ వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే
* పాదం మొద్దుబారినా, తిమ్మిర్లు ఎక్కినా
* పడ్డాకో, దెబ్బ తగిలాకో నొప్పి మొదలైతే
* కదలకుండా పడుకున్నా నొప్పి ఉంటే
* కొన్ని వారాలు జాగ్రత్తలు తీసుకున్నా తగ్గకపోతే

దుకాణంలో నొప్పి మాత్రలు కొని రోజూ మింగొద్దు. కడుపులో పుండ్లు పడతాయి. మూత్రపిండాలు చెడిపోతాయి. మడమలో సూది వెయ్యాలంటే అది చదువుకున్న డాక్టరే వెయ్యాలి. మళ్లీ మళ్లీ వేయించుకుంటే అరికాలి పట్టీ తెగిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడామె ఎలా ఉంది?

మూడు నెలలయింది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ పొద్దున మంచం కోడు పట్టుకోవడం లేదు. బళ్లో పొయ్యి దగ్గర గోనెసంచి మడత వేసుకుంది. హెడ్మాస్టరును అడిగి ఒక స్టూలు వేయించుకుంది. గంజి వార్చేటప్పుడు తోటి వంటామె గిన్నెకు రెండో వైపు పట్టుకుంటోంది. ఇద్దరికీ భయం తగ్గింది.

మొన్న కొడుకు కొత్త చెప్పులు కొనుక్కుని, "అమ్మా, నా పాతవి నువ్వు వేసుకుంటావా?" అని అడిగాడు.

"నాకెందుకురా? నా పాదానికి సరిపోయేవి నాకున్నాయి" అంది ఆమె.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ చెప్పులు తిరగేసి చూడండి. ఎక్కడ అరిగాయి?
2. మీ ఇంట్లో అందరికన్నా పాత చెప్పులు ఎవరివి? ఎందుకని?
3. మీ రెండు పాదాల కొలతలు మీ పుస్తకంలో రాయండి.
4. మీరు పనిచేసే చోట కూర్చునే వీలుందా? లేకపోతే ఎవరిని అడగాలి?