లద్దాఖ్ ఎక్కే బండికి పెట్రోల్ ఎంత తగ్గించాలి?

జాతీయ రహదారి 65 మీద కట్టంగూర్‌లో బయలుదేరిన బైకు ఖార్దుంగ్‌లా చేరాలంటే దాదాపు 5,000 మీటర్లు ఎక్కాలి. ఆ కనుమ ఎత్తు సుమారు 5,359 మీటర్లు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వే. అవి సెన్సర్లతో సర్దుకుంటాయి. పాత కార్బొరేటర్ బండికి మాత్రం మనమే చెయ్యి పెట్టాలి.

కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. మన దగ్గర 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 1.12 కిలోలు తూగుతుంది. ఖార్దుంగ్‌లాపై సున్నా డిగ్రీల్లో 0.67 కిలోలే. గాలి 40 శాతం తగ్గినా కార్బొరేటర్ ఇచ్చే పెట్రోల్ అంతగా తగ్గదు. గాలి, పెట్రోల్ నిష్పత్తి గాలి సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 0.6కు వర్గమూలం 0.77. అంటే 14.7 కాస్తా 11.4 అవుతుంది. ప్లగ్‌కు మసి పట్టేది, నల్లపొగ వచ్చేది, చడావులో బండి మూలిగేది అందుకే.

మరి మన ఎండల సంగతి? 15 డిగ్రీల చలికీ 42 డిగ్రీల ఎండకూ తేడా చూస్తే 14.7 దాదాపు 14 అవుతుంది, అంతే. దానికోసం స్క్రూలు తిప్పించడం అనవసరం. ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించండి. పాత స్నోమొబైళ్లకైతే ఎత్తునూ చలినీ బట్టి కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే ఏ జెట్ వేయాలో కంపెనీలే పట్టిక ఇచ్చేవి. మైనస్ 30 డిగ్రీల్లో ఆ తేడా పెద్దదే.

కొండెక్కేముందు ముఖ్యంగా మార్చాల్సింది మెయిన్ జెట్. రంధ్రం 1.10 మిల్లీమీటర్లు ఉంటే లెక్క ప్రకారం పైన 0.97 సరిపోతుంది. దారంతా అంత ఎత్తు ఉండదు కాబట్టి మధ్యస్థంగా 1.02 దగ్గర ఆగడం మేలు. నీడిల్ క్లిప్‌ను ఒక గాడి పైకి జరిపితే నీడిల్ కిందికి దిగి, సగం థ్రాటిల్‌లో పెట్రోల్ తగ్గుతుంది. ఏం చేసినా తగ్గిన 40 శాతం బలం మాత్రం తిరిగిరాదు. జెట్ పెట్రోల్‌ను సరిచేస్తుందే గానీ గాలిని పుట్టించలేదు.

అసలు ప్రమాదం దిగేటప్పుడు. ఆ 0.97 జెట్‌తోనే కట్టంగూర్ ఎండలో బండి నడిపితే నిష్పత్తి 19 దాకా పోతుంది. ఇంజన్ కాగిపోయి పిస్టన్ పట్టేయొచ్చు. పాత జెట్‌ను పొట్లం కట్టి టూల్‌కిట్‌లో పెట్టుకోండి. మైదానంలోకి దిగగానే ముందు దాన్ని బిగించండి.