మీకు తెలుసా? ఉత్తరాంధ్ర ఏటి మొగల్లో వెలసిన దేవుళ్లు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. పక్కనున్న విజయనగరానికి దక్కింది 28 కిలోమీటర్లే. తీరం ఎంతున్నా రెండు జిల్లాల తీరూ ఒకటే. సముద్రం చూద్దామని బయల్దేరితే దారిలో ఏదో ఒక గుడి తగులుతుంది.

• నాగావళి పొడవునా ఐదు శివాలయాలు ఉన్నాయి. కళింగంలో కరువొస్తే బలరాముడు నాగలితో ఈ నదిని రప్పించాడనీ, దాని ఒడ్డున ఐదు లింగాలు ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం. మొదటిది ఒడిశాలోని రాయగడ దగ్గర పాయకపాడులో ఉంది. తర్వాతవి గుంప, సంగాం, శ్రీకాకుళం గుడివీధి. ఐదోది ఏరు సముద్రంలో కలిసే కళ్లేపల్లిలోని మణినాగేశ్వరుడు. గుడివీధి కోటేశ్వరుడి దగ్గరే జనం ఆగిపోతారు గానీ, కళ్లేపల్లి దాకా వెళ్తేనే ఆ కథ పూర్తయినట్టు.

• అరసవల్లి సూర్యనారాయణుడి పాదాలను ఉదయకిరణాలు తాకేది ఏటా రెండుసార్లు: మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, అక్టోబర్ మొదటి రెండు మూడు రోజుల్లో మరోసారి. ఆ తేదీలే ఎందుకు? డిసెంబర్ 21న సూర్యుడు దక్షిణపు కొసకు చేరతాడు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసినా ముందుకు లెక్కేసినా సుమారు 80 రోజులకు ఈ తేదీలే వస్తాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు తూర్పున ఒకే చోట ఉదయిస్తాడు. 7వ శతాబ్దంలో ఈ గుడి కట్టించాడని చెప్పే తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ దగ్గర లెక్క తెలిసిన స్థపతులే ఉండి ఉండాలి. మబ్బు పట్టిందంటే మాత్రం ఎంత లెక్కా పనికిరాదు. తెల్లవారుజామున లేచి వెళ్లినవాళ్లూ ఉత్త చేతులతో తిరిగి రావలసిందే.

• శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు 1281లో ఇక్కడ యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠించినట్టు శాసనం ఉంది. ఆలయ ప్రాంగణంలో పెరిగేవి నేలమీద తిరిగే నక్షత్ర తాబేళ్లు. బారువ లాంటి తీరాల్లో చలికాలం చివర ఇసుక తవ్వి గుడ్లు పెట్టేవి ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు. కూర్మావతారానికి పెద్ద గుడి కట్టిన జిల్లాకే ఈ రెండు రకాలూ దొరకడం నాకైతే మహా ముచ్చటగా తోస్తుంది.

• కళింగపట్నం వెళ్లేవాళ్లలో చాలామంది లైట్‌హౌస్ చూసి, వంశధార మొగ దగ్గర ఫొటో దిగి తిరిగొచ్చేస్తారు. కాస్త ఎగువన ఉన్న శాలిహుండం కొండ ఎక్కరు. కొండమీద స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. తవ్వకాల్లో తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. సముద్రంలో కలవబోయే వంశధార పైనుంచి కనిపిస్తుంది. రేవుకూ నదికీ ఇంత చేరువలో విహారం వెలసిందంటే, వర్తకుల రాకపోకలే దాన్ని పోషించి ఉంటాయనుకోవాలి. ఇంతకీ 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి! ఆయన పుట్టింది కూడా ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో.

• శ్రీకాకుళం జుమ్మా మసీదు కట్టించింది గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్, 1641లో.

• విజయనగరం పైడితల్లి పండుగలో పూజారిని ఎక్కించి ఊరేగించే సిరిమాను ముందు చేపల వల నడుస్తుంది. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగుతో పాటు బెస్తవారి వలకూ ఆ ఊరేగింపులో చోటుంది. పెద్దచెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని పైకి తీయడానికి జాలరులు సాయపడ్డారనీ, ఈ గౌరవం అందుకేననీ చెబుతారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను తిరుగుతుంది. అది చింతమాను.

• రామతీర్థంలో రాముడి గుడి చుట్టూ ఉన్న కొండలమీద బౌద్ధ, జైన శిథిలాలు ఉన్నాయి. రాముడి దర్శనం కాగానే బస్సెక్కెయ్యకండి. గురుభక్తకొండ కూడా ఎక్కండి.

బారువలో మహేంద్రతనయ, కోనాడలో చంపావతి సముద్రంలో కలుస్తాయి. ఒక్క మాట: ఏటి మొగల్లో ఇసుక మేటలు ఒకచోట నిలవవు, నీటి లాగుడు పైకి కనిపించదు. స్నానం చేయాలనిపిస్తే ముందు అక్కడి జాలరులను అడగండి. వాళ్లు వద్దంటే దిగకండి.