కట్టెలు చీల్చే గొడ్డలి

వంటగ్యాసు పల్లెలకు చేరినప్పటికీ కట్టెల పొయ్యి పూర్తిగా ఆరిపోలేదు. పెళ్లివిందులకు, పల్లెవంటకు నేటికీ వంటచెరకు కావాలి. కట్టెల అడితిలో మొద్దులు చీల్చే శ్రామికునికి గొడ్డలే జీవనాధారం. దాని ఎంపికలో పొరపాటు జరిగితే శ్రమ వృథా కావడమే కాక, అంగవైకల్యం కలిగే ప్రమాదం కూడా ఉంది.

సంస్కృతంలో కుఠారమనీ, పరశువనీ పిలిచే ఈ పనిముట్టును తెలుగువారు గొడ్డలి అంటారు. పేరు ఒకటే అయినా పనిని బట్టి దాని రూపం మారుతుంది. చెట్టును నరకడం వేరు, కట్టెను చీల్చడం వేరు. నరికేటప్పుడు కలపలోని నారను అడ్డంగా తెంచాలి. అందుకు పలుచని, పదునైన అంచు కావాలి. చీల్చేటప్పుడు నార వెంట నిలువుగా దిగి, దానిని ఇరుపక్కలకు ఎడం చేయాలి. అందుకు అంచు నుండి వెనుకకు పోయేకొద్దీ మందం పెరిగే గొడ్డలి అవసరం. పలుచని గొడ్డలి మొద్దులో ఇరుక్కుపోతుంది. మందమైనది మొద్దును పేళ్లుగా విడదీస్తుంది.

గొడ్డలి ఎంత బరువైతే పని అంత సులువని కొందరి అభిప్రాయం. ఇది పూర్తిగా నిజం కాదు. వేగం మారకుండా బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. బరువు మారకుండా వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది. మోయలేని బరువు వేగాన్ని తగ్గిస్తుంది. అలసిన చేయి గురి తప్పుతుంది. సాధారణమైన కట్టెలకు సుమారు 2 కిలోల తల గల గొడ్డలి చాలు. చింతమొద్దు వలె నార మెలితిరిగి, ముడులున్న వాటికి ఇనుప చీలను, సమ్మెటను వాడడం మేలు. అయితే సమ్మెటతో గొడ్డలి వెనుక భాగాన్ని కొట్టరాదు. కామ దూర్చే రంధ్రం సాగి, తల వదులవుతుంది.

గొడ్డలి పిడికర్రను కామ అంటారు. గట్టి తుమ్మకర్ర ఇందుకు పనికివస్తుంది. కర్రలోని నార కామ పొడవునా తిన్నగా సాగాలి. ఏటవాలుగా ఉంటే దెబ్బకు విరుగుతుంది. కామ మరీ పొట్టిదైతే గురి తప్పిన దెబ్బ కాలికి తగులుతుంది. తగినంత పొడవుంటే నేలను తాకుతుంది. తల వదులైనప్పుడు కొందరు గొడ్డలిని నీటిలో నానబెడతారు. కర్ర ఉబ్బి తల బిగుసుకొంటుంది గాని, ఆరగానే మరల వదులవుతుంది. కామ కొనలో కర్రచీల కొట్టి బిగించడమే సరైన పద్ధతి.

కొనేవారు సాధారణంగా గొడ్డలి అంచును వేలితో తాకి పదును చూస్తారు. మొద్దుబారిన అంచుకు మరల సాన పట్టవచ్చు. పని నడుమ కామ విరిగినా, తల ఊడినా జరిగే కీడును సరిదిద్దడం సాధ్యం కాదు. కనుక గొడ్డలి పరీక్ష కామతోనే మొదలు కావాలి.